గుండుకు వదులైన టోపీ

చిత్తూరు బస్టాండులో ఆరున్నరకు తిరుపతి పల్లెవెలుగు ఎక్కేసరికే నా ఓపిక సగం అయిపోయింది. చేతిలో పెద్ద సంచి, అందులో నేను అల్లిన ఇరవై ఉలెన్ టోపీలు. వానలు మొదలైనప్పటి నుంచీ అల్లుతున్నాను. కుడి బొటనవేలు ముడుచుకోవడం మానేసింది. వీటిని పంచేసి, వచ్చాక క్రోషియా సూదిని పెట్టె అడుగున పడేయాలని నిశ్చయించుకునే బయల్దేరాను.

పోయిన చలికాలం మా ఆయనను తిరుపతి పెద్దాసుపత్రిలో చేర్చినప్పుడు, రోగుల తాలూకు వాళ్లుండే షెడ్డులో తొమ్మిది రోజులు పడుకున్నాను. కొండగాలికి చెవులు తెగిపోయినట్టుండేవి. ఆయన కోలుకున్నాడు. ఆ చలి మాత్రం నన్ను వదల్లేదు.

ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. పూతలపట్టులో ఎక్కిన పెద్దాయన నా సంచిని మోకాలితో నెట్టి, "ఏందమ్మా ఇది, కోళ్లు గాని కాదు గదా?" అన్నాడు.

"టోపీలప్పా. సలికి."

"మన పక్క ఏం సలి ఉండాదని!" అన్నాడు, మఫ్లర్ చెవుల మీదికి లాక్కుంటూ. నాకు నవ్వే ఓపిక కూడా లేకపోయింది.

బస్సు పాకాలలో టీకి ఆగింది. చంద్రగిరి దాటాక ఎండ వచ్చింది. తిరుపతిలో దిగేసరికి తొమ్మిది. రెండు ఇడ్లీలు తిని పెద్దాసుపత్రికి షేర్ ఆటో ఎక్కాను. నాలాగా మూటతో వెళ్లేవాళ్లు మాత్రం పల్లెవెలుగు ఎక్కకండి. చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగుతుంది.

షెడ్డులో నా తప్పు బయటపడింది. కొలతంతా నా తల మీద, నా ఒత్తు జుట్టు మీద చూసుకున్నాను. అక్కడ సగం మందివి గుండ్లు. జబ్బు చేస్తే మనవాళ్లు ముందు కొండకు మొక్కుకుంటారని, ఈ గడ్డ మీదే పుట్టి పెరిగిన నాకు తట్టనేలేదు. జుట్టున్న వాళ్లకు పదకొండు సరిపోయాయి. గుండ్లవాళ్లకు ముక్కు దాకా జారాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

"నాకొకటి ఇయ్యక్కా" అంది ఒకామె. పేరు మునెమ్మ, నగరిలో పవర్‌లూమ్ మీద పని. మూడేళ్ల కూతురు నిమ్ము చేసి లోపల వార్డులో ఉంది. "జరం దిగినాదని నిన్న కొండకి పోయి గుండు కొట్టించుకున్నా. అప్పట్నించి పాప నా దగ్గరికి రాలా. నన్ను సూసి బయపడి, అమ్మ యాడ అని ఏడస్తా ఉండాది. కొంగు కప్పుకుంటే పీకేస్తాది. పన్నెండుకి లోపలికి ఇడుస్తారు. టోపీ పెట్టుకుంటే గుర్తు పడతాదేమో."

అంచు విప్పి బిగించి అల్లాలంటే గంట కావాలి. అప్పటికే పన్నెండు కావస్తోంది. సూది తీశానో లేదో బొటనవేలు మొరాయించింది. ఇంతలో నర్సు పిలిచింది. మునెమ్మ ఆ వదులు టోపీతోనే లేచింది. నేను గుమ్మం దాకా వెళ్లాను.

తల్లిని చూడగానే పాప గోడవైపు తిరిగి ఏడుపు అందుకుంది. మునెమ్మ మంచం మీదికి వంగింది. టోపీ జారి కళ్లు కప్పేసింది. ఏమీ కనబడక చేతులతో తడుముకుంటూ, "బుజ్జమ్మా, యాడుండావే?" అంది.

ఏడుపు ఆగింది. ఇప్పుడు గుండు లేదు, గొంతు ఒక్కటే ఉంది. పాప ఇటు తిరిగి, చెయ్యి చాచి టోపీని కొంచెం పైకెత్తి చూసింది. "అమ్మ" అంది. మళ్లీ కిందికి లాగింది. మళ్లీ ఎత్తింది. ఈసారి నవ్వింది. గుమ్మంలో నిలబడి నేను ఏడ్చాను, దాచుకోలేదు.

మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. నడుము నొప్పి, వేలు నొప్పి, పైగా కిటికీలోంచి ఎండ. సంచిలో ఎనిమిది టోపీలు మిగిలాయి. పాకాల దాటాక సూది తీసి, మొదటిదాని అంచు విప్పడం మొదలుపెట్టాను. వచ్చే వారం మళ్లీ ఈ బస్సే ఎక్కాలి.

ఆసుపత్రి నుంచి బయల్దేరే ముందు మునెమ్మ టోపీ కూడా ఇమ్మన్నాను, బిగించి తెస్తానని. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"దీన్ని మాత్రం బిగించొద్దక్కా" అంది.