కంబళి తాత

మొన్న పేపర్లో ఒక ఫొటో చూశాను. నీళ్ల కోసం ఊళ్లోకి దిగిన ఎలుగుబంటి ఒకటి కొళాయి పక్కన రెండు కాళ్ల మీద లేచి నిలబడింది. అలా నిలబడటం నేను ఇంతకు ముందొకసారి చూశాను.

అప్పుడు నాకు ఆరేళ్లు. నాయన లారీ నడిపేవాడు. ఎండాకాలంలో హిందూపురం మండీలో చింతపండు దించేసి, ఇద్దరం పెనుకొండకు తిరిగొస్తున్నాం. క్యాబిన్ నిండా పులుపు వాసన. గుట్టల దారిలో ఎవరు చెయ్యెత్తినా నాయన ఎక్కించుకునేవాడు. ఎక్కువగా గొర్రెల కాపరులు, ఎండకు నెత్తి మీంచి నల్ల కంబళి కప్పుకొని ఎక్కేవాళ్లు.

ఆ సాయంత్రం మలుపులో, బండల మధ్య, ఒక కంబళి తాత నిలబడి ఉన్నాడు.

“నాయనా, తాత చెయ్యెత్తినాడు, ఆపు!”

నాయన ఆపలేదు. నా పక్క అద్దం గబగబా పైకి తిప్పేసి, గేరు మార్చాడు.

“ఆయప్ప మనతో రాడులే పాపా. ఆయప్ప ఇల్లు ఆడే ఉండాది.”

“మరి చెయ్యెందుకు ఎత్తినాడు?”

“పోయిరాండని.”

ముసలాయన్ను దారిలో వదిలేసి అబద్ధమాడుతున్నాడని రెండు రోజులు నాయనతో మాట్లాడలేదు. అది ఎలుగుగొడ్డని ఆయన చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. అప్పుడే చెబితే నేను భయపడి మళ్లీ లారీ ఎక్కనేమో అనుకున్నాడట.

ఫొటోలో ఎలుగుబంటి వెనక ఆ మలుపు దగ్గరి గుట్టే కనిపిస్తోంది. కంకర కోసం సగం తవ్వేశారు. ఆయప్ప ఇల్లు యాడని ఇప్పుడడిగితే నాయన ఏం చెప్పేవాడో.