అక్క తాగని నీళ్లు

సోమవారం మధ్యాహ్నం క్యాంటీన్లో పెరుగన్నం కలుపుకుంటుంటే అక్క కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయింది చిన్నమ్మా" అని పెట్టేసింది. లద్దాఖ్ నుంచి మేం తిరిగొచ్చి అప్పటికి నాలుగు రోజులే. నాకు ముందు ఏడుపు రాలేదు. చెయ్యి బల్ల కిందికి పోయి నా ఎడమ పిక్కను పట్టుకుంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ భయం ముందొచ్చింది, దుఃఖం వెనక వచ్చింది.

అక్క నాకు చుట్టం కాదు. పటాన్‌చెరులో మేం పనిచేసే ఇంజెక్షన్ మందుల ఫ్యాక్టరీలో నాకంటే పద్నాలుగేళ్లు పెద్ద. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ వైపు పల్లె మనిషి. షిఫ్టులో అందరికీ అక్కే. ఎమ్మెస్సీ పట్టా పట్టుకుని నేను చేరిన రోజున పని నేర్పింది ఆమె. మందు నింపే గదిలోకి పోవాలంటే తల నుంచి పాదాల దాకా తెల్ల గౌను తొడుక్కోవాలి. కళ్లు తప్ప ఏమీ కనబడవు. ఆ మూసిన గదిలో నాకు ఊపిరాడనట్టయితే, వెనక నుంచి ఎవరో భుజం మీద రెండుసార్లు తట్టారు. "లోపలికొచ్చినంక మనం మనుషులం గాదు పిల్లా, గౌన్లం. గౌనుకు భయమేంది?" ఆ తర్వాత ఇన్నేళ్లూ ఆ రెండు తట్లతోనే ఆమెను పోల్చుకునేదాన్ని.

ఆమె నేర్పిన ఇంకో విద్య, నీళ్లు తాగకపోవడం. మధ్యలో బాత్రూముకు పోవాలంటే గౌను విప్పాలి, చేతులు కడగాలి, మళ్లీ కొత్త గౌను తొడగాలి. ఈలోగా లైను ఆగుతుంది, సూపర్‌వైజరు ముఖం చూడాల్సి వస్తుంది. అందుకని ఆడవాళ్లం పొద్దున సగం గ్లాసు టీతో లోపలికి పోయేవాళ్లం. షిఫ్టు దిగాక ముత్తంగి దగ్గర ఆటో కోసం నిలబడి అక్క సీసా మొత్తం గటగటా తాగేసేది. పక్కన టీ బండివాణ్ని నేను "కొంచెం మంచినీళ్లు ఇవ్వండి" అంటే నవ్వేది. "మీ ఆంధ్రోళ్లు అండీ అనకుంట నీళ్లు గుడ తాగరేందే."

రిటైరయ్యేలోపు మంచు చూడాలన్నది ఆమె కోరిక. "టీవీల గాదు. చేతుల పట్టుకొని సూడాలె." షిఫ్టు ఆడవాళ్లం ఆరుగురం బయల్దేరాం. లేహ్‌లో దిగగానే డ్రైవరు హిందీలో చెప్పాడు. ఇంత ఎత్తులో గాలి పొడిగా ఉంటుంది, దాహం తెలియదు, నీళ్లు తాగుతూనే ఉండండి, బండి ఆగినప్పుడల్లా దిగి నడవండి అని. అక్క నా చెవిలో, "తాగమంటడు సరే, బాత్రూం ఏడున్నదో చెప్పడు" అంది.

కొండల అవతలి సరస్సు చూడ్డానికి పోయిన రోజు బండిలో ఏడు గంటలు. వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకుని, శాలువా కప్పుకుని కూర్చుంది. నేను నింపి ఇచ్చిన సీసా మూతయినా తియ్యలేదు.

"జెర తాగక్కా."

"డబుల్ డ్యూటీలు చేసిన దాన్ని, గిదొక లెక్కనా? నువ్వు తాగు, సూస్త."

నేనూ తాగలేదు. ఆమె శిష్యురాల్ని కదా.

కనుమ మీద బండి ఆగితే ఇద్దరం దిగాం. అక్క వంగి మంచు పిడికెడు తీసుకుంది. "గింతేనా? మా ఫ్రిజ్‌ల పేరుకునేదే గిది" అంది గానీ, కళ్లు నిండాయి. చిటికెడు నోట్లో వేసుకుంది. ఆ రోజు ఆమె లోపలికి పోయిన తడి బహుశా అదొక్కటే.

గురువారం ఇల్లు చేరాం. శుక్రవారం చూస్తే ఆమె ఎడమ పిక్క వాచి ఉంది. "బండిల కూసుంటే పట్టేసింది" అని బామ్ రాసుకుంది. ఆదివారం నేను వాళ్లింటికి పోతే, మెట్లెక్కి ఆయాసపడుతూ, "కొండగాలి ఇంక దిగలే" అని నవ్వింది. అంత చదివిన నేను రెస్ట్ తీసుకోమని చెప్పి వచ్చేశాను. మర్నాడే ఆ ఫోను.

కాలి రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు ఆసుపత్రిలో డాక్టరు. ఎత్తులో ప్రాణవాయువు తక్కువ కాబట్టి ఒంట్లో ఎర్రకణాలు పెరుగుతాయట, నీరు తగ్గితే రక్తం ఇంకా చిక్కబడుతుందట, కదలకపోతే కాళ్లలో నిలుస్తుందట.

"అయితే ఆ ఎత్తు వల్లేనా డాక్టర్ గారూ?"

"అదొక్కటే అని చెప్పలేనమ్మా. ఎంతోమంది పోయి క్షేమంగా వస్తున్నారు. ఈమెకు అన్నీ కలిశాయేమో. మీరూ వెళ్లారా? కాలు నొప్పేమైనా ఉందా?"

"లేదండి" అన్నాను.

ఉంది. ఎడమ పిక్కలోనే. రోజూ పొద్దున తలుపేసుకుని కుట్టుమిషన్ టేపుతో రెండు కాళ్లూ కొలిచేదాన్ని. ఎడమది అర అంగుళం ఎక్కువ. టేపు సరిగ్గా పట్టానా అని మళ్లీ కొలిచేదాన్ని. స్కానింగుకు పోతే తేలిపోతుంది, తేలిపోతుందనే పోలేదు. మూడోనాడు అక్క ఇంట్లో ఆమె కూతురు నన్ను ఆపింది.

"కుంటుతున్నరు చిన్నమ్మా."

"ఏం లేదులేమ్మా."

"అమ్మ గుడ గట్లనే అన్నది" అంది. ఇంకో మాట లేకుండా స్కూటీ ఎక్కించి సంగారెడ్డి తీసుకుపోయింది.

కాలికి చల్లటి జెల్లీ రాశారు. యంత్రంలోంచి హోరుమని నా రక్తం పారే చప్పుడు వినిపించింది. గడ్డ లేదు, కండరం పట్టేసింది, అంతే. పక్కన నిలబడ్డ ఆ పిల్ల వెంటనే గోడవైపు తిరిగింది. నాకు ఊరట కలగాలి. కానీ బండి ఒకటే, ఎండిన గొంతులూ ఒకటే. ఆమె పోయి నేనెందుకు మిగిలానో ఆ యంత్రం చెప్పలేదు.

నిన్న షిఫ్టు మధ్యలో గౌను విప్పి బయటికొచ్చాను. సూపర్‌వైజరు గడియారం చూశాడు. నేను చూడనట్టు గ్లాసు నిండా నీళ్లు పట్టుకున్నాను. చల్లదనం వేళ్లకు తగలగానే ఆ కనుమ గుర్తొచ్చింది. అక్క మంచున్న అరచెయ్యి నా ముందుకు చాపి, "తీస్కో పిల్లా, జల్దీ. కరిగిపోతది" అంటోంది. చలికి తొడుక్కున్న ఉన్ని గ్లౌజులు తియ్యడానికి బద్ధకించి, "వద్దక్కా" అన్నాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి మణికట్టు మీదికి, గాజుల మీదికి జారుతున్నాయి.