వెయ్యి మీటర్ల పైన నువ్వు

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు పెద్దలు. హెర్మా గ్రాండిచ్ విషయంలో ముందు జారింది నోరు. కాలు జారడానికి అక్కణ్ణుంచి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ రెండో జారుడు మొదటిదాన్ని ఎలాగో ఒకలా సర్దిపెడుతుందని పాపం ఆవిడ ఆశ.

ఆవిడ పుట్టింది హంగేరీ సరిహద్దు దగ్గర, చదును నేల మీద. అక్కడ కుర్చీ ఎక్కి నిలబడితే పక్క ఊరు కనిపిస్తుంది. భర్త ఆలోయిస్‌కు రైల్వేలో బదిలీ అయితే అతని వెంట దేశానికి పడమటి కొసనున్న టిరోల్ కొండల మధ్యకు వచ్చింది. రెండో చలికాలం దాటకుండానే అతను గుండె ఆగి పోయాడు. మనిషి పోయినా కుట్టుమిషను మిగిలింది. ఇనప దిమ్మలాంటి ఆ మిషన్ను మళ్ళీ రైలెక్కించే ఓపిక లేక, వంతెన పక్క సందులో బట్టలు బాగుచేసే దుకాణం తెరిచింది.

తెరిచిన పొద్దున్నే మొదటి బేరం వచ్చింది. రోమెడ్ తాలర్ అని, ఊరికి కాస్త పైన పొలం, ఆవులు ఉన్న మనిషి. చలికాలం వస్తే స్కీ బడిలో పంతులు. తన ఎర్రకోటు బల్ల మీద పడేసి, "ఇదిగో, ఈ జిప్పు చూడు. నీవల్ల అవుతుందా?" అన్నాడు.

టిరోల్ వాళ్ళకు అది తప్పు కాదు. చర్చిలో ఫాదర్‌నీ నువ్వే అంటారు, మేయర్నీ నువ్వే అంటారు, పాలివ్వని ఆవునూ నువ్వే అంటారు. హెర్మా పెరిగిన చోట అలా కుదరదు. పరాయి ఆడమనిషిని నువ్వు అనాలంటే ఆమె తన నోటితో సరేననాలి. పైగా అప్పటికి ఆవిడ భర్త పోయిన దుఃఖానికి కట్టిన నల్లబట్టలు ఇంకా తీయలేదు. ఒళ్ళు మండిపోయింది.

"మనిద్దరం ఎక్కడన్నా కలిసి పందులు మేపామా?" అంది.

లేని చనువు తీసుకున్నవాడి నెత్తిన వేసే పాత మొట్టికాయ అది. రోమెడ్ చెవులు ఎర్రబడ్డాయి. "క్షమించండి, గ్రాండిచ్ గారూ," అని కోటు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. అంతటితో పోయేదే. కానీ ఎదురుగా కాఫీకొట్టు రెజి గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించి వింటోంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇక్కడ పృథివి దాకా ఎందుకు, రెజి గుమ్మం దాటితే చాలు. సాయంత్రానికల్లా ఊరు ఊరంతా ఆవిడకు ఒక గారు తగిలించేసింది.

ఆ గారు మళ్ళీ ఊడలేదు. ఆదివారం పూజ అయ్యాక చర్చి ముందు నలుగురూ చేరి నువ్వంటే నువ్వని నవ్వుకుంటూ ఉంటారు. హెర్మా దగ్గరికి రాగానే అందరూ చొక్కాలు సర్దుకున్నట్టు మాట సర్దుకుంటారు. "ఎలా ఉన్నారు గ్రాండిచ్ గారూ? మీ ఆరోగ్యం బావుందా?" ఎవరికీ ఆవిడంటే కోపం లేదు. అదే బాధ! కోపమైతే తిట్టి తీర్చుకునేవాళ్ళు. ఆలోయిస్ పోయాక హెర్మా అని పిలిచిన గొంతు ఆ లోయలో లేదు. ఒక్కోసారి దుకాణంలో ఎవరూ లేనప్పుడు తన పేరు తనే పైకి అనుకుని వినేది.

రెజి మాత్రం సిగ్గుపడి స్నేహం చేసింది. రోజూ మధ్యాహ్నం కాఫీ తెచ్చేది, కొంప ముంచింది తనేనని ఒప్పుకునేది, అయినా గారు మాత్రం వదిలేది కాదు. "మీరు ఒట్టి మొద్దండీ, గ్రాండిచ్ గారూ!" అని మర్యాదగా తిట్టేది.

ఇక రోమెడ్ ఏం చేశాడంటే, ఏటా ఆకులు రాలే రోజుల్లో స్కీ బడి ఎర్రకోట్లన్నీ మోసుకొచ్చి ఆవిడ బల్ల మీద పెట్టేవాడు. అలా వచ్చిన మనిషి వెంటనే వెళ్ళేవాడు కాదు. ఏ ఆవు ఈనిందో, ఏ దూడ కంచె దూకిందో చెబుతూ నిలబడేవాడు. పెళ్ళి చేసుకోలేదు, ఆవులతోనే సరిపోయిందనేవాడు. వింటూ వింటూ హెర్మా మనసు ఎప్పుడు అటు ఒరిగిందో ఆవిడకే తెలీదు. ఏటా ఒక కోటుకు జిప్పు కావాలనే వదులుగా కుట్టేది, దానికోసమైనా మళ్ళీ వస్తాడని. వచ్చేవాడు. "ఈ జిప్పు మళ్ళీ మొరాయిస్తోందండీ," అనేవాడు. అండీ!

ఒక్క మాటతో తీరే గోలే ఇది. గ్లాసు పైకెత్తి "నన్ను హెర్మా అనండి చాలు" అంటే అయిపోయేది. ఆ మాట ఆడమనిషే అనాలి, పద్ధతి అది. ఒకసారి రెజి పుట్టినరోజున ఆవిడ గ్లాసు ఎత్తింది కూడా. "తాలర్ గారూ..." అంది. కొట్లో ఉన్న అన్ని కళ్ళూ తన మీదే. అంతమంది ముందు ఆ మాటంటే ఇంకే మాటో అన్నట్టే ఉంటుంది కదా! "ఈ ఏడు మంచు బాగా పడాలి," అని ముగించింది. అందరూ మంచు పేరున తాగారు. ఆ ఏడు తలుపులు తెరుచుకోనంత మంచు పడింది. పారతో గుమ్మం తవ్వుకుంటూ రెజి, "అంతా మీ చలవే," అంది.

మొన్నటి శరదృతువులో రోమెడ్ కోట్లు తెచ్చి బల్ల మీద పెట్టి, మోకాలు రుద్దుకున్నాడు.

"ఇవి అరిగిపోయాయండీ. ఈ చలికాలంతో బడి మానేస్తున్నా. వచ్చే ఏడు కోట్లు ఎవరో కుర్రాడు తెస్తాడు."

హెర్మాకు చేతిలో సూది కనబడలేదు. రోమెడ్ వెళ్ళాక రెజి కొట్టుకు పోయి కూలబడింది. రెజికి అంతా ఎప్పట్నుంచో తెలుసు.

"వెయ్యి మీటర్లు ఎక్కండి," అంది రెజి.

"ఏంటి?"

"ఏంటేంటి? వెయ్యి మీటర్లు దాటాక మీరూ గారూ ఉండవు. కొండ మీద రాజైనా నువ్వే. మీకు తెలీదా? అతను ఈసారి పెద్దవాళ్ళకి మొదటి పాఠాలు చెబుతున్నాడు, వారం రోజులు. పోయి చేరండి."

"నా వయసేంటి, స్కీలేంటి! యాభై ఆరు దాటాయి. కాళ్ళు విరుగుతాయి."

"విరిగితే మోసుకొస్తాడు. ఇంకా మంచిది."

అలా హెర్మా స్కీ బడిలో చేరింది. సోమవారం పొద్దున కేబుల్ కారులో పైకి పోతుంటే, వెయ్యి అని పసుపు రంగుతో రాసిన స్తంభం కిటికీ పక్కనుంచి దిగిపోయింది. పైన మెట్ట మీద గుంపు చేరింది: హాలెండు నర్సులు ఇద్దరు, వియన్నా నుంచి వచ్చిన రిటైరైన పెద్ద అధికారి ఒకాయన, హెర్మా. రోమెడ్ ఎర్రకోటులో ముందు నిలబడ్డాడు.

"ఇక్కడ బిరుదులు లేవు, ఇంటిపేర్లు లేవు. పడేటప్పుడు అందరం ఒకేలా పడతాం. నేను రోమెడ్. నీ పేరేంటి?"

"సలహాదారు, డాక్టర్..." అని మొదలెట్టాడు వియన్నా ఆయన.

"అది కింద. పైన?"

ఆయన గుటకేసి, "ఓట్టోకర్," అన్నాడు. నర్సులు కిసుక్కుమన్నారు.

రోమెడ్ హెర్మా వైపు తిరిగాడు. ఒక్క క్షణం ఆగాడు. పందులు గుర్తొచ్చాయో ఏమో.

"నీ పేరు?" అన్నాడు.

"హెర్మా," అందావిడ. ఇరవై ఏళ్ళుగా కుట్టి ఇచ్చిన మనిషికి అప్పుడే పేరు చెప్పింది.

"సరే హెర్మా, స్కీల ముందు కొసలు దగ్గరికి తే. నాగలిలా పెట్టు. నాగలి తెలుసుగా నీకు?"

తెలియకేం, చదునునేల పిల్ల. నాగలి పెట్టడం తెలిసింది గానీ దాన్ని ఆపడం తెలియలేదు. పోయిపోయి పసిపిల్లల గుంపులో దూరి, గుమ్మడికాయంత టోపీ పెట్టుకున్న ఒక చంటిదాన్ని పట్టుకుని ఆగింది. "నువ్వు కొత్తదానివా?" అంది ఆ చంటిది. వెనక నుంచి రోమెడ్ అరుస్తున్నాడు: "హెర్మా! లోయ వంక చూడకు! నన్ను చూడు! నన్నే చూడు!"

అబ్బ, చూడమంటే చూడదా! ఆ వారమంతా చూసింది. ఎన్నిసార్లు పడిందో అన్నిసార్లు పేరు విన్నది. "లే హెర్మా." "వంగు హెర్మా." "నువ్వెందుకంత బిగుసుకుంటావ్?" ఒళ్ళంతా కమిలిపోయింది. రెజి మందు రాస్తూ, "ఎలా ఉందండీ?" అంటే, "స్వర్గం," అంది.

సాయంత్రాలు మాత్రం నరకం. దిగేటప్పుడు రోమెడ్‌కు ఒక ఆట ఉండేది. స్తంభం దాటగానే మధ్యలో ఉన్న మాట మధ్యలోనే మార్చేసేవాడు. "రేపు నువ్వు ఇంకొంచెం పైనుంచి..." అంటూ ఉంటే స్తంభం వచ్చేది, "...దిగుతారు, గ్రాండిచ్ గారూ." అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. హెర్మా కూడా నవ్వేది. నవ్వి కిటికీ అవతలికి తల తిప్పేసుకునేది.

గురువారం మధ్యాహ్నం కొండ మీది పూటకూళ్ళ గుడిసె ముందు బల్ల మీద పక్కపక్కన కూర్చుని కాలేయపు ఉండల పులుసు తాగారు.

"మీ ఊళ్ళో కొండే లేదంటగా. మరి దేన్ని చూస్తారు?" అన్నాడు రోమెడ్.

"ఆకాశాన్ని. అక్కడ చాలా ఉంటుంది."

"అబ్బో! మా పిసినారి లోయలో అదే తక్కువ." కాసేపు పులుసు కలిపాడు. "వచ్చే ఏడు నేనేం చేస్తానో నాకే తెలీదు, హెర్మా. పొద్దున్నే ఎటు వెళ్ళాలో కాళ్ళకు తెలిసేది ఇన్నాళ్ళూ."

మా దుకాణానికి రా, అనాలనుంది ఆవిడకు. కింద కూడా నన్ను ఇలాగే పిలువు, అనాలనుంది. ఇంతలో ఓట్టోకర్ వచ్చి, ఉండల్లో ఉప్పు ఎక్కువైందని ఫిర్యాదు చేస్తూ బల్ల చివర చతికిలబడ్డాడు. పుణ్యాత్ముడు!

శుక్రవారం పందెం. అందరికీ ఛాతీ మీద నంబరు గుడ్డలు కట్టారు. అవన్నీ హెర్మా కుట్టినవే. జెండాల మధ్య నాగలి పెట్టుకుని, రోమెడ్‌నే చూస్తూ, అందరికన్నా నెమ్మదిగా, ఒక్కసారి కూడా పడకుండా దిగింది. గీత దాటాక ఆగడం మాత్రం మర్చిపోయింది. తిన్నగా పోయి అతన్నే గుద్దుకుంది. ఇద్దరూ మంచులో దొర్లారు.

"బతికే ఉన్నావా?" అన్నాడతను నవ్వుతూ, ఆవిడ కనుబొమల మీది మంచు దులుపుతూ.

కింద కూడా హెర్మా అనే పిలవమని దిగేటప్పుడు చెప్పేయాలనుకుంది ఆవిడ, స్తంభం రాకముందే. కారులో పిల్లలు కిక్కిరిసి, పతకాలు ఊపుకుంటూ గోలగోలగా ఉన్నారు. హెర్మా నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. పసుపు స్తంభం పక్కనుంచి పైకి వెళ్ళిపోయింది. ఈసారి రోమెడ్ ఆట ఆడలేదు. మెల్లగా, "గ్రాండిచ్ గారూ, మీ టోపీ పడిపోయింది," అని తీసి ఇచ్చాడు.

ఆ తర్వాత మంచు కరిగింది, ఏరు పొంగింది, స్కీ బడి తలుపులు మూశారు. ఒకరోజు దుకాణం గంట మోగింది. రోమెడ్. చేతిలో ఒక్కటే కోటు, అతనిది.

"బడికి తిరిగి ఇచ్చేయాలండీ. జిప్పు పాతదే, మీకు తెలుసుగా."

బాగానే తెలుసు. హెర్మా కోటు తీసుకుంది. ఇది ఇచ్చేస్తే ఈ మనిషి ఈ గడప తొక్కడానికి ఇక కారణమంటూ లేదు. వదులుగా కుట్టినా లాభం లేదు. సూదిలో దారం ఎక్కించబోతే ఎక్కలేదు. అప్పుడు, తల ఎత్తకుండానే అడిగింది.

"మీ ఇంట్లో పందులున్నాయా?"

"పందులా?" అన్నాడు రోమెడ్. "నిరుడే అమ్మేశానండీ. ఎందుకూ?"

"ఊరికే."

"కోటుకు ఎప్పుడు రమ్మంటారు?"

"శనివారం."

అతను వెళ్ళిపోయాడు. అయిపోయింది, అనుకుంది హెర్మా. ఇరవై ఏళ్ళు తను మోసిన మాట అతనికి గుర్తే లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగి, కిటికీలోంచి అతని వీపు మసకగా కనిపించింది. వంతెన ఎక్కింది. సగం దాకా పోయింది. ఆగింది. వెనకాల పాలబండి హారన్ కొడుతున్నా కదల్లేదు. ఎదురుగా రెజి కప్పులు కడగడం ఆపి గుమ్మంలోకి వచ్చింది.

గంట మళ్ళీ మోగింది. రోమెడ్ చెవులు ఆ మొదటి రోజులాగే ఎర్రబడి ఉన్నాయి.

"కోళ్ళున్నాయి," అన్నాడు రొప్పుతూ. "కోళ్ళను మేపితే పనికిరాదా?"

పనికొస్తుందన్నట్టు హెర్మా తల ఊపింది.

"మా ఇల్లు వెయ్యి మీటర్లకు కిందే."

"తెలుసు."

"అక్కడ కొండ రూలు నడవదు మరి."

"తెలుసు."

అతను టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "అయితే ఆదివారం..." అని ఆగాడు. రండి అంటాడేమోనని హెర్మా ఊపిరి బిగబట్టింది.

"రా," అన్నాడు.