ఇస్త్రీ పిన్ని మింగిన బిళ్లలు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆమెను అందరూ ఇస్త్రీ పిన్ని అనేవారు. మత్తుబిళ్లలకు అలవాటుపడి, ఇళ్లలో దొంగతనాలు చేసి పట్టుబడిన మనిషి. కోర్టు జైలుకు పంపకుండా షరతులు పెట్టింది: చికిత్స మానకూడదు, మూత్రపరీక్ష ఇవ్వాలి, పర్యవేక్షణాధికారికి కనిపిస్తూ ఉండాలి. తు.చ. తప్పకుండా అన్నీ చేస్తూ వచ్చింది. అక్క ఆమెను ఇంట్లో పెట్టుకుంది గానీ, బీరువా తాళంచెవి మాత్రం మెళ్లోనే వేసుకు తిరిగేది.

ఒక మధ్యాహ్నం తోటివాళ్లు భోజనాలకు లేచాక, పాత మొగుడు వెనక తలుపు తోసుకుని వచ్చాడు. బిళ్లలు మప్పిందీ, దొంగతనాలకు తోలిందీ వాడే.

"కొత్త ఇల్లొకటి చూశాను. నీ చెయ్యి పడాలి," అంటూ బల్లమీద బిళ్లల పొట్లం పెట్టాడు.

"మానేశాను. నా మానాన నన్ను వదిలెయ్."

"ఎన్నాళ్లే ఈ వేషాలు?"

జుట్టు చేతికి చుట్టుకుని మొహాన్ని బల్ల అంచుకేసి కొట్టాడు. పన్ను విరిగి నాలుకమీద పడింది. మళ్లీ కొట్టబోతూ వాడు ఆసరాకని పక్కనున్న ఆవిరి ఇస్త్రీ మిషన్ అడుగుపలక మీద రెండో చెయ్యి ఆనించాడు. ఆమె తడుముకుని పిడి అందుకుని పైపలకను కిందికి లాగింది. ఆవిరి బుస్సుమంది. తోలు కాలిన కంపు కొట్టినా, వాడు మోకాళ్లమీద కూలబడి "చచ్చిపోతానే" అని ఏడ్చినా వదల్లేదు. కేకలు విని పరుగెత్తుకొచ్చిన వ్యాను డ్రైవరు ఆమెను ఈడ్చి అవతల పడేస్తేగానీ వాడి చెయ్యి బయటికి రాలేదు.

వాణ్ణి మోసుకుపోయారు. పొట్లం అక్కడే ఉండిపోయింది. పోలీసులు వచ్చేలోగా నోట్లోని నెత్తురుతోపాటు నాలుగు బిళ్లలు మింగేసింది.

"వాడే ముందు కొట్టాడని కెమెరాలో ఉంది. ఆ కేసు నిలవదు," అంది పర్యవేక్షణాధికారి మేడమ్. "కానీ మూత్రపరీక్షలో మత్తుమందు తేలింది. ఎందుకమ్మా?"

"భయమేసింది మేడమ్. చేసిందానికి కాదు. ఇంకాసేపు నొక్కి ఉంచాల్సిందనిపించింది. అందుకు."



షరతు తప్పినందుకు జైలు పడింది. "చెయ్యి కాలిస్తే వదిలేసి, బిళ్ల మింగితే లోపలేస్తారా?" అని అక్క కోర్టు వరండాలో నిలదీసింది. మేడమ్ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఆమెను జైల్లోనే చికిత్స వార్డులో వేయించింది. మత్తు దిగేటప్పుడు తనను పట్టుకున్న వార్డు ఆయా మణికట్టును కొరికింది. మంచానికి కట్టేశారు. తర్వాత తర్వాత కట్లు విప్పారు.

అక్క చూడటానికి వచ్చినప్పుడు పిన్ని, "వాడెలా ఉన్నాడు?" అని అడిగింది.

"మూడు వేళ్లు తీసేశారట."

"అలాగా," అంది. ఆ పూట మారు అడిగి మరీ అన్నం తింది.