కలరా ఉండల స్వెట్టరుతో జల్లాఖ్ దాకా

గల్ఫ్‌లో చలి ఉంటుందంటే మా వైపు ఎవరూ నమ్మరు. నేనూ నమ్మేవాణ్ణి కాదు. బహ్రెయిన్‌లో ఏసీలు అమ్మే కంపెనీలో లెక్కలు రాస్తాను కనుక, ఇక్కడ చలి అనేది మేం గోడకు బిగించి ఇచ్చే సరుకు అనుకునేవాణ్ణి. ఈ జనవరిలో మా బావమరిది సూరిబాబు వాళ్లక్కకి ఫోన్ చేసి "ఇక్కడ గాలికి వేళ్లు పనిచెయ్యట్లేదే అక్కా" అనేవరకూ ఆ అభిప్రాయంతో సుఖంగానే ఉన్నాను.

వాళ్లక్క అంటే నా భార్య, ఉండేది కాకినాడలో. సూరిబాబు ఉండేది ఇక్కడే, జల్లాఖ్ దాటాక ఎడారి అంచున ఒక గుర్రపుశాలలో. లద్దె ఎత్తడం, గుర్రాల కింద రంపపు పొట్టు మార్చడం, నీళ్లు పెట్టడం వాడి డ్యూటీ. వీసా నెలాఖరుకి అయిపోతోంది. కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చిన యజమానికి, లద్దె ఎత్తేవాళ్లు ఎక్కువయ్యారు. ఉన్న ఒక్క రైడరూ సెలవు మీద వెళ్లి మళ్లీ రాలేదు. అందుకని ఆయన సూరిబాబుని పిలిచి, శుక్రవారం పొద్దున తన ఎదుట నజ్మాని ఎక్కి చూపించమన్నాడు. నజ్మా అంటే ఆడగుర్రం. సరిగ్గా నడిపితే రైడర్ వీసా. లేకపోతే ఖలాస్, ఇంటికి.

స్వారీ వాడికి వచ్చు. పాత రైడరే నేర్పాడు. చిక్కల్లా ఆ చలిగాలిలో చేతులు కొయ్యబారి కళ్లెం పట్టు తెలియకపోవడం. వీడు వణుకుతుంటే గుర్రం బెదురుతుంది, అది బెదిరితే వీడు ఇంకా వణుకుతాడు.

ఇలాంటప్పుడు ఎవరైనా బజారుకెళ్లి ఒక జాకెట్ కొంటారు. మా అత్తగారు ట్రంకుపెట్టె తెరిచారు. ఆవిడకి తెలిసిన చలి ఒక్కటే, ఎప్పుడో అరకు వెళ్లినప్పుడు తగిలింది. స్వెట్టర్, శాలువా, మఫ్లర్, మంకీ క్యాప్, ఉన్ని మేజోళ్లు మూటగట్టి, ఇటు వస్తున్న ఒకాయన చేత పంపారు. గుదైబియాలో నా గదిలో ఆ మూట విప్పగానే రూమ్మేట్లందరూ ఒక్కసారిగా కిటికీ దగ్గరికి వెళ్లారు. కలరా ఉండల వాసన. మా ఇళ్లలో ఉన్నిబట్టలు చలికాలం కోసం ఉండవు. పురుగులు కొట్టకుండా కాపాడుకోవడం కోసం ఉంటాయి.

"ఏవండీ, మీరే వెళ్లి దగ్గరుండి తొడిగించండి. చేతికిస్తే మంచం కింద పడేస్తాడు" అంది మా ఆవిడ. నాకు వారానికోసారి వచ్చే శుక్రవారం అలా పోయింది.

తెల్లవారుజామున అయిదింటికి లేచి, కెఫెటీరియాలో టీ తాగి, మనామా బస్టాండుకి నడిచాను. వెళ్లదలచినవారికి ఒక మాట: బస్సు సౌకర్యంగానే ఉంటుంది, టిక్కెట్టు మూడు వందల ఫిల్సులు, లోపల ఏసీ జనవరిలో కూడా పనిచేస్తుంది. అది మా కంపెనీది కాదని చూసి కొంచెం ఊరట చెందాను.

ముందు సీట్లో ఉన్నావిడ రెండు స్టాపులు ఓర్చుకుని వెనక్కి తిరిగింది. అమలాపురం వైపు మనిషి, ఏదో విల్లాలో ఇంటిపనికి వెళ్తోంది.

"ఏవండీ, తెలుగోళ్లేనా? ఈ వాసన మీ మూటదేనాండీ?"

"మా అత్తగారిది" అన్నాను, నేరం ఎవరిదో స్పష్టంగా ఉండాలని.

"ఆయ్, మా అమ్మ పెట్టె తీస్తే ఇదే వాసనండి" అని ఆవిడ కళ్లు మూసుకుని గట్టిగా పీల్చింది. దిగేటప్పుడు మూటని ఒకసారి తట్టి మరీ దిగింది. ఆ మూటకి ఆ రోజు దక్కిన మర్యాద అదొక్కటే.

ఏడు కావస్తుండగా నేను దిగిన చోటికి ఖాజా భాయ్ పికప్ వచ్చింది. ఆయనది జగిత్యాల, గుర్రపుశాలకి గడ్డిమోపులు తోలుతాడు. ఆ బండికి నా వైపు అద్దం సగం దాకే లేస్తుంది. ఉత్తరపు గాలి ఆ మిగతా సగంలోంచి నేరుగా నా చెవిలోకి వచ్చింది. అప్పుడు గల్ఫ్‌లో చలి ఉందని ఒప్పుకున్నాను.

"ఏమున్నది సార్ మూటల? అరిసెలా?"

"స్వెట్టర్ భాయ్."

"గుర్రానికా?"

"మా బావమరిదికి."

"గుర్రానికైతే కంబళున్నది, కాళ్లకు పట్టీలున్నయి. మనిషికే ఏం లేకపాయె. దుబాయిల గింతే సార్."

"ఇది బహ్రెయిన్ కదా భాయ్."

"మాకు అంతా దుబాయే" అని ఆయన గేరు మార్చాడు.

సూరిబాబు పలచటి నూలు చొక్కాలో, చంకల్లో చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పెదాలు బూడిదరంగులో ఉన్నాయి. కఫీల్ తొమ్మిదింటికి వస్తానన్నాడట. ఆ రోజు సూర్యుడు వచ్చాడు గానీ డ్యూటీలో చేరలేదు. మా ఆవిడ ఆదేశం ప్రకారం తెచ్చినవన్నీ తొడిగించాను. అయ్యాక వాడు ఇల్లు మారేటప్పుడు దుప్పట్లు చుట్టిన సోఫాలా తయారయ్యాడు. రికాబులో పెట్టడానికి కాలెత్తితే మోకాలు నడుం దాకా కూడా రాలేదు. శాలువా తీసేశాం. రెండు జతల మేజోళ్లకి బూటు బిగిసి వేళ్లు తిమ్మిరెక్కాయన్నాడు. ఒక జత తీసేశాం. మంకీ క్యాప్ వాడే తీసి నా చేతిలో పెట్టాడు.

ఇక స్వెట్టరుతో నజ్మా దగ్గరికి వెళ్లాడు. అది చెవులు వెనక్కి పెట్టి, ముక్కుతో బుసకొట్టి, మర్యాదగా వెనక భాగం మా వైపు తిప్పింది. గుర్రాల భాషలో దాని తర్వాతి మాట తన్నడం.

"బావా, దానికి నేనెవరో తెలియట్లేదు" అన్నాడు సూరిబాబు. "రోజూ చేత్తో మేత పెడతాను. వాసన బావా. ఈ వాసన పడట్లేదు దానికి."

"అయితే విప్పెయ్."

"విప్పితే చేతులాడవు కదా! ఓ పని చెయ్యి. నువ్విది తొడుక్కుని కొట్టాలు శుభ్రం చెయ్యి. వాసన మారుద్ది."

"నేనెందుకురా?"

"నాకు చెమట పడితే గాలికి ఇంకా చల్లబడిపోతాను బావా. మళ్లీ ఎక్కాలి కదా."

ఇందులో లోపం ఎక్కడుందో వెతికాను. లేదు. డిగ్రీ చదివి, ఏళ్ల తరబడి ఆఫీసులో పనిచేసి, శుక్రవారం పూట పార పట్టుకున్నాను.

నా వెనక ఈ దారిన వచ్చేవారి కోసం అనుభవం రాస్తున్నాను. గుర్రపుశాలలో మొదటి కొట్టం ఊడ్చేదాకా చలి. రెండో కొట్టానికి వెచ్చగా, మూడో కొట్టానికి ఇడ్లీపాత్రలో ఉన్నట్టు ఉంటుంది. అప్పుడు లద్దె బండి తోసుకుని బయటికొస్తే గాలి ఆ చెమటనంతా ఒక్క క్షణంలో మంచు చేస్తుంది. కనుక పలచటివి రెండు మూడు తొడుక్కోండి, అన్నీ ముందువైపు విప్పుకునేవై ఉండాలి. తలమీంచి తీసే స్వెట్టర్ వద్దు. చేతులు లద్దెలో ఉన్నప్పుడు దాన్ని తీసే మార్గం మనిషి ఇంకా కనిపెట్టలేదు.

కఫీల్ అరగంట ముందే వచ్చాడు. లోపల బొచ్చున్న పొడుగాటి కోటు, చేతిలో ఫ్లాస్కు. చలికి ఎలా తయారవాలో తెలిసిన మనిషి అక్కడ ఆయనొక్కడే. నన్ను చూసి "నయా ఆద్మీ?" అన్నాడు.

"సూరిబాబుకు బావ అయితడు. అకౌంటెంట్" అని ఖాజా భాయ్ హిందీలో చెప్పాడు.

కఫీల్ నేను ఊడ్చిన కొట్టంలోకి తొంగిచూసి, "హిసాబ్ అచ్ఛా కర్తా హై?" అని, లెక్కలైనా బాగా రాస్తాడా అన్నట్టు అడిగాడు. నేను ఊడ్చిన తీరు మీద ఆయన అభిప్రాయం నాకు అర్థమైంది.

స్వెట్టర్ విప్పి సూరిబాబుకిచ్చాను. ఇప్పుడది కలరా ఉండలూ లద్దే సమపాళ్లలో కలిసిన కొత్త పదార్థం. నజ్మా ఒక్కసారి పీల్చి, తుమ్మి, గోడ దాకా జరిగింది. కఫీల్ గడియారం చూసుకున్నాడు. సూరిబాబు స్వెట్టర్ నేలకేసి కొట్టి చొక్కాతో నిలబడ్డాడు. వేళ్లు మడవబోయాడు, మడత పడలేదు.

అప్పుడు వాడి చూపు కొట్టం తలుపు మీద పడింది. నజ్మా కాళ్లకి చుట్టే ఉన్ని పట్టీలు, నిన్నటివి, అక్కడ వేలాడుతున్నాయి.

"బావా, గుండీలు విప్పు. బేగి!"

"ఇవి గుర్రానివిరా."

"దానివే కదా మరి! కాలికి చుట్టినట్టే కింద నుంచి పైకి చుట్టు. బిగించకు, ఊపిరాడాలి."

రెండు పట్టీలు వాడి ఛాతీకి చుట్టాను. ఇంకో రెండు మణికట్ల నుంచి అరచేతుల దాకా, వేళ్లు వదిలేసి. పైన చొక్కా వేసుకుని వాడు నజ్మా ముందు ఊరికే నిలబడ్డాడు. అది మెడ చాచి వాడి గుండె దగ్గర ముక్కు ఆనించి, వెచ్చగా ఒక ఊపిరి వదిలింది. చెవులు ముందుకొచ్చాయి. నేను కూడా చాలాసేపటికి ఊపిరి వదిలాను.

ఎక్కాడు. నడకతో మొదలుపెట్టి, దౌడందుకుని, ఇసకదారి మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. కఫీల్ కాఫీ పోసుకున్నాడు. నాకివ్వలేదు, నా చేతుల పరిస్థితి చూస్తే ఆయన్ని తప్పు పట్టలేను. మొదట గిట్టల చప్పుడు వచ్చింది, తర్వాత ధూళి, ఆ తర్వాత వాడు. పరుగు మీద వస్తూ మా ముందుకొచ్చేసరికి కళ్లెం రెండు వేళ్లతో లాగాడు. గుర్రం నడకలోకి దిగింది.

కఫీల్ దగ్గరికెళ్లి, చొక్కా చేతిలోంచి కనబడుతున్న పట్టీ కొసని పట్టుకు చూశాడు. నజ్మా మెడ తట్టాడు. ఏ సంగతీ తేల్చకుండా, జుమ్మా నమాజుకి తయారవ్వాలని కారెక్కి వెళ్లిపోయాడు.

"ఏమన్నాడు బావా?"

"నీకు వినపడనిదేదీ అనలేదురా."

ఖాజా భాయ్ వండిన అన్నం, పప్పు ముగ్గురం తిన్నాం. స్వెట్టర్ని ఆయన అద్దం లేవని సందులో కుక్కుకున్నాడు. ఇప్పుడది మొదటిసారి చలి ఆపుతోంది. నన్ను బస్సు దగ్గర దింపేటప్పుడు "ఫికర్ చెయ్యకు సార్" అన్నాడు గానీ ఆయన గొంతులోనే ఫికరుంది.

తిరుగుబస్సులో నాకు విశాలమైన చోటు దొరికింది. ఒకాయన పక్కన కూర్చుని, ఏదో గుర్తొచ్చినవాడిలా లేచి వెనక్కి పోయాడు. కిటికీలోంచి చూస్తే దేశమంతా ఎండలో మెరుస్తూ, చలికీ దీనికీ ఏ సంబంధమూ లేనట్టు అమాయకంగా ఉంది. బహ్రెయిన్ చలికాలం గురించి నా మొత్తం అభిప్రాయం ఇదే: ఫొటోలో పడదు, అందుకే ఇంట్లోవాళ్లకి ఎంత చెప్పినా అర్థం కాదు.

మనామా ఇంకా రాకముందే ఫోన్ మోగింది. సూరిబాబు.

"బావా, కఫీల్ ఫోన్ చేశాడు. ఆదివారం పాస్‌పోర్ట్ తెమ్మన్నాడు."

పాస్‌పోర్ట్ ఇంటికి పంపే టిక్కెట్టుకీ అడుగుతారు. "ఎందుకటరా?"

"రైడర్ వీసాకి బావా! రేపటి నుంచి నజ్మా డ్యూటీ నాదే. తెల్లారకముందే ఎడారిలోకి తీసుకెళ్లాలంట, రోజూ."

"తెల్లారకముందా? ఇవాల్టి కంటే చలి కదరా!"

"చాలా చలి బావా" అన్నాడు వాడు. లాటరీ తగిలినవాడు కూడా అంత సంబరంగా చెప్పడు.