మంచిగ పండుకున్నది

మాది గోదావరి వైపు. రాజేంద్రనగర్‌లో కేంద్ర పరిశోధనాలయంలో కొత్త వరి వంగడాలు తయారుచేయడం నా ఉద్యోగం. ఉండేది శంషాబాద్‌లో. నెత్తిమీద విమానాలు, రోడ్డుమీద ట్రాఫిక్, ఇంటికొచ్చేసరికి మోకాళ్ళు సలుపు. వచ్చే ఏడు రిటైర్మెంట్. నా వంగడం ఒక్కటైనా విడుదల కాకుండానే ఇంటికి పోతానేమోనని బెంగ. ఉన్నమాటే చెబుతున్నాను.

ఈమధ్య మా ల్యాబుకి ఏఐ వచ్చింది. మేం ఏళ్ళతరబడి తలలు బద్దలు కొట్టుకునే పని అది టీ చల్లారేలోపు చేసేస్తుంది. మా విత్తనం వేసి చూసిన రైతులు ఫోన్‌లో నాలుగు మాటలు చెప్పి పంపితే, విని రాసుకుని, ఏ వంగడం మేలో వరస కడుతుంది. ఈసారి మొదటిది నాది. ఇక్కడికి దగ్గర్లోని కందుకూరు రైతమ్మ మెసేజ్ నేనూ విన్నాను. "మీ వరి మంచిగ పండుకున్నదమ్మా." బాగా పండింది అని రాసుకుంది ఏఐ. నేనూ అలాగే అనుకున్నాను. ఆ చుట్టుపక్కల వాళ్ళందరిదీ అదే మాట. పక్క సీటావిడ పార్టీ అడిగింది. విడుదలకి కాగితాలు కదిలాయి. సంతోషించే ఓపిక లేకపోయినా సంతోషించాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సోఫాలో వాలానో లేదో, ఇంటి ఓనరమ్మ తొంగిచూసింది.

"ఏందక్కా, గప్పుడే పండుకున్నవా?"

ఇక్కడ పడుకోవడాన్ని పండుకోవడం అంటారు. రోజూ వినే మాటే. ఆ రోజు మాత్రం రైతమ్మ మెసేజ్ గుర్తొచ్చింది. వెంటనే రైతమ్మకి ఫోన్ చేశాను. వరి పండిందా, పడిపోయిందా అని అడిగాను.

"పండుడు యాడిదమ్మా? గాలికి మొత్తం బురదల పండుకున్నది. మొలకలు గూడ వచ్చినయ్. కడుపుమండి మంచిగ అన్న." మళ్ళీ తనే అంది. "మీ ఆఫీసోళ్ళు మంచిదన్నరని పక్కూరోళ్ళు గదే ఇత్తనం అడుగుతున్నరు. ఏం చెప్పమంటవ్?"

నా జీవితమంతా ఆ విత్తనంలోనే ఉంది.

"వద్దని చెప్పమ్మా," అన్నాను.

మర్నాడు ఆఫీసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పక్క సీటావిడ ఏఐకి ఆ మాట అర్థం సరిచేసి, మళ్ళీ లెక్క కట్టించింది. టీ చల్లారకముందే నా వంగడం అట్టడుక్కి పోయింది. కాగితాలు వెనక్కి తెప్పించారు.

సాయంత్రం ఓనరమ్మ మళ్ళీ తలుపు దగ్గరికొచ్చింది. దీపం వెయ్యలేదేమని అడిగి, పండుకున్నవా అక్కా అంది. ఇన్నేళ్ళలో నా నోట ఎప్పుడూ రాని మాట వచ్చింది.

"ఆఁ, పండుకున్న."