మామ ఇచ్చిన ప్రమోషన్లు

మా మామ పోయారు. పోయిన వారం ఓ ఉదయం పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అత్త ఇచ్చిన టీ తాగి, "చక్కెర తక్కువేసినావే" అని ఒక మాట అని మంచం మీద వాలిన మనిషి మళ్లీ లేవలేదు. ఎవరి చేతా ఒక పూట చాకిరీ చేయించుకోలేదు. బోగోలు నుంచి సముద్రం వైపు వస్తే తగిలే మా ఊళ్లో ఆయన్ను అందరూ 'మిలిటరీ' అనే పిలిచేవారు. నాకు మాత్రం మామ, మా ఆయన తండ్రి. ఏడుస్తూ రాయాల్సిన మాటలివి. కానీ ఆయన్ను తలుచుకుంటే ముందు నవ్వే వస్తోంది, ఏం చేయను?

పట్టాళంలో హవల్దారుగా రిటైరై, ఊరికొచ్చిన మర్నాడే వరి మడిలోకి దిగారట. నేను కోడలిగా వచ్చేసరికి తల నెరిసిపోయింది, మీసం మాత్రం నిగనిగలాడుతూ ఉంది. ఆ నలుపు సీసాలోదని నాకు రెండో రోజే తెలిసిపోయింది. పొలానికి కట్టుకెళ్లే లుంగీకి కూడా ఇస్త్రీ చేసుకునేవారు. బురదలోకి దిగేదానికి ఇస్త్రీ ఎందుకు మామా అంటే, "బురదకి తెలీకపోవచ్చు, నాకు తెలుసు గదమ్మాయ్" అనేవారు. యుద్ధం సంగతులు చెప్పమని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర ఒకటే కథ. "చలికి కొబ్బరినూనె రాయైపొయ్యేది. సీసాని చంకలో పెట్టుకోని పడుకునేవోళ్లం. నేను చేసిన యుద్ధం అదే" అని తువ్వాలు దులుపుకుని లేచిపోయేవారు.

మా పాప చిట్టి రెండేళ్లు నిండినా నిలబడలేదు. కావలిలో డాక్టరుకు చూపించాం. కాళ్లలో బలం తక్కువగా ఉంది, రోజూ వ్యాయామం చేయించండి, చూద్దాం అన్నాడాయన. నడుస్తుందనీ అనలేదు, నడవదనీ అనలేదు. ఇంటికొచ్చి వంటింట్లో కూలబడి ఏడుస్తుంటే మామ గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"ఏడ్చినాక ఆ వ్యాయామాలేందో నాకు నేర్పించమ్మాయ్. డ్రిల్లు చేయించేది నాకు బాగా తెలుసు."

ఇక చూడండి, మర్నాటి నుంచి మా వసారా పట్టాళమైపోయింది. చాప పరిచి, మనవరాలిని పడుకోబెట్టి, డాక్టరు చూపించినట్టే కాళ్లు మడిచి చాపేవారు. పొలంలో ఎంత పనున్నా అది అయ్యాకే. దాన్ని సిపాయిగా చేర్చుకున్నారు. తనంతట తాను మోకాలు మడిచిన రోజు లాన్స్ నాయక్‌గా ప్రమోషన్ ఇచ్చారు. మంచం కోడు పట్టుకుని లేచిన రోజు నాయక్ చేసి, వీధిలో ఇంటింటికీ కలకండ పంచి వచ్చారు. "పసిబిడ్డని పట్టాళంలో చేర్చినాడు, ఈ ముసలోడికి పిచ్చి పట్టినట్టుండాది" అని అత్త గొణిగేది. నాకు కూడా కాస్త కుళ్లుగా ఉండి ఒకరోజు అడిగేశాను.

"మరి నా హోదా ఏంది మామా?"

"నువ్వు కమాండింగ్ ఆఫీసరువి తల్లీ. అందుకే గదా ఇంట్లో ఎవురం నోరెత్తం!"

అయితే ఆ నాయక్ హోదా దగ్గరే బండి ఆగిపోయింది. చిట్టికి మూడేళ్లు దాటాయి. ఏదో ఒకటి పట్టుకుంటేనే నిలబడేది, చెయ్యి వదిలితే కూలబడేది. నాకు ఆశ సన్నగిల్లింది. మామ మాత్రం చాప చుట్టలేదు.

నాట్లు వేస్తున్న రోజు మనవరాలిని భుజం మీద ఎక్కించుకుని పొలానికి తీసుకెళ్లారు. గట్టు మీద కూర్చోబెడితే ఎర్రచీమలు పట్టాయట. బిడ్డ కేకలు పెట్టేసరికి గబుక్కున ఎత్తి, కొత్తగా దమ్ము చేసిన మడిలో తన పక్కనే నిలబెట్టి, చీమలు దులిపి, ఆడవాళ్లకు నారు కట్టలు అందిస్తూ ఆ ధ్యాసలో పడిపోయారు. నేను అన్నం క్యారియరు పట్టుకుని అప్పుడే గట్టెక్కాను. బురదలో బిడ్డను చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. "మామా, బిడ్డ!" అని అరవబోతుంటే నాట్లేసే ఒకామె నాకంటే ముందు అరిచింది.

"ఓ మిలిటరీ మామా! ఇట్ట చూడు! బిడ్డ ఏం పట్టుకోకుండా నిలబడుండాది!"

నిజమే. మోకాళ్ల దాకా ఉన్న బురద దాన్ని పట్టి నిలిపింది. మా చిట్టి రెండు చేతులూ గాల్లోకి లేపి, వంగి బురదను చరుస్తూ కిలకిలా నవ్వుతోంది. మామ చేతిలోని నారు కట్ట జారి నీళ్లలో పడింది. మరుక్షణం తేరుకుని, మీసం మీద బురద చెయ్యి వేసి, "నేను కావాలనే నిలబెట్టినా" అన్నారు. "అబద్ధాలకోరు మామా!" అని అందరూ ఒకటే నవ్వు. నేను మాత్రం గట్టు మీదే కూర్చుని బావురుమన్నాను. తర్వాత ఈ సంగతి చెబితే డాక్టరు కూడా నవ్వి, "ఇన్నాళ్లు మీరు చేయించింది ఊరికే పోలేదు" అన్నాడు.

ఆ మరుసటి ఏడు వసారా నుంచి వాకిలి దాకా తనంతట తాను నడిచింది. మామ దాన్ని ఏకంగా సుబేదారు చేసేశారు. మధ్యలో హవల్దారు ఉంది కదా మామా అంటే, "అదైతే నాకు సమానం. నా మనవరాలు నాకంటే పైనుండాల" అన్నారు. ఇక అది ఎప్పుడొచ్చినా ఆయన లేచి నిలబడాల్సిందే. ఆ దొంగ పిల్ల సంగతి కనిపెట్టి, తాత అన్నానికి కూర్చున్నప్పుడే లోపలికీ బయటికీ తిరిగేది. కంచం చేత్తో పట్టుకుని ఆయన లేవడం, కూర్చోవడం. అత్త ఇద్దరినీ కలిపి తిట్టేది.

ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది, అంతే. మామను సాగనంపిన రోజు పాస్టరుగారు ప్రార్థన ముగించి పెట్టె ఎత్తేటప్పుడు, సమాధుల తోట దూరమని ఎవరో దాన్ని బండి ఎక్కమన్నారు. "నడుస్తా" అంది. నడిచింది. మన్ను వేసి తిరిగొచ్చేటప్పుడు అత్తకు కాళ్లు సహకరించలేదు. మా ఆయన చెయ్యందిస్తే వద్దంది, నన్నూ వద్దంది. సరుగుడు తోట దగ్గర ఆగి, మనవరాలి భుజం మీద చెయ్యి వేసింది. వేసి, పిల్ల కాలు చూసి, బరువు మోపకుండా తీసేయబోయింది.

చిట్టి ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. "నా మీద మోపు అవ్వా. నేను పడనులే."